ఎక్కడిదాకా వచ్చి ఆగింది?



పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ వారానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. పాత విద్యార్థులు, చుట్టాలు, ఆ చుట్టాలకు తెలిసినవాళ్లు. "మాస్టారూ, ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదండీ." ఎవరు చేసినా మొదటి మాట ఇదే. నేనడిగే మొదటి ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే. "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?"

చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. ఆన్ అవ్వలేదంటే అవ్వలేదు, అందులో మళ్లీ ఎక్కడిదాకా ఏమిటి అంటారు. అందుకని విడమరిచి అడుగుతాను. లైటు వెలిగిందా? ఫ్యాను తిరిగిన చప్పుడు వినబడిందా? కంపెనీ బొమ్మ తెర మీదికి వచ్చిందా? చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయా? నీలం తెర వచ్చి ఇంగ్లీషులో ఏదో రాసిందా? ఇవన్నీ వేరు వేరు జబ్బులు. ఒకదానికి చార్జరు మారిస్తే సరిపోతుంది. ఒకదానికి ర్యామ్ తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. మరొకదానికి అసలు స్క్రూడ్రైవరు ముట్టుకోనక్కర్లేదు. అన్నిటినీ కలిపి "ఆన్ అవ్వట్లేదు" అని ఒక్క మాటగా చెప్పి షాపులో ఇచ్చి వస్తే, అక్కడ కూడా ఒక్క మాటతోనే తేల్చేస్తారు. "ఫార్మాట్ కొట్టాలండీ." ఆ ఒక్క మాట వల్ల నా స్నేహితుడికి జరిగిన నష్టం ఒకటుంది. అది చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. కాసేపటిలో అక్కడికి వస్తాను.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేం. ఫోనులోనూ నాకు ఏమీ కనబడదు, అవతలివాళ్లు చెప్పింది వినడమే. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నదేమిటంటే, ల్యాప్‌టాప్ జబ్బుల్లో చాలావాటిని చెవితోనే పట్టుకోవచ్చు.

ముందు ఆ యంత్రం ఎలా మేలుకుంటుందో తెలియాలి. మా ఊళ్లో చేతిపంపు ఉండేది. వేసవిలో నాలుగు రోజులు ఎవరూ కొట్టకపోతే ఆరిపోయేది. ఎంత కొట్టినా గాలి తప్ప చుక్క వచ్చేది కాదు. అప్పుడు మా అమ్మ పైనుంచి చెంబుడు నీళ్లు పోసి కొట్టమనేది. ఆ నీళ్లకు లోపలి తోలు వాషరు తడిసి బిగిసేది, కింద ఉన్న నీళ్లు పైకెక్కేవి. కంప్యూటరుదీ ఇదే కథ. విండోస్ అంతా డిస్కులో పడుకుని ఉంటుంది. దాన్ని డిస్కులోంచి ర్యామ్‌లోకి తేవాలంటే ఒక ప్రోగ్రాము పనిచేయాలి. ఆ ప్రోగ్రాము ఎక్కడినుంచి రావాలి? అందుకే మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో, కరెంటు లేకపోయినా చెరిగిపోకుండా, కాస్త ప్రోగ్రాము రాసి ఉంచుతారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పటినుంచీ దానికి బయోస్ అని పేరు. ఇప్పటి యంత్రాల్లో ఉన్నది దాని తర్వాతి తరం, యూఈఎఫ్ఐ అంటారు. మెకానిక్కులు మాత్రం ఇప్పటికీ బయోస్ అనే అంటారు, మనమూ అలాగే అందాం. మా అమ్మ పోసిన చెంబుడు నీళ్లు అదే.

బటన్ నొక్కగానే ముందు కరెంటు సర్దుకోవాలి. తర్వాత బయోస్ లేచి ప్రాసెసరునూ ర్యామ్‌నూ పలకరించాలి. తెర వెలగాలి. డిస్కు కనబడాలి. డిస్కులోంచి విండోస్ దిగాలి. ఇవన్నీ మెట్లు. యంత్రం నాలుగో మెట్టు మీద ఆగిందంటే కింది మూడు మెట్లూ బాగున్నట్టే, వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. కంపెనీ బొమ్మ తెర మీద కనబడుతోందంటే చార్జరూ ర్యామూ తెరా కనీసం అంతవరకు తమ పని చేశాయన్నమాట. నా ప్రశ్నలో ఉన్న లెక్క ఇంతే.

మొదటి మెట్టు మీదే ఆగినవి చూద్దాం. బటన్ నొక్కితే లైటు లేదు, చప్పుడు లేదు. అదే ప్లగ్గులో ఫోను చార్జరు పెట్టి చూడండి, అది ఎక్కుతోందా? ఎక్స్‌టెన్షన్ బాక్సు వదిలేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. అడాప్టరు మీద లైటుంటే వెలుగుతోందా? పిన్ను దగ్గర వైరు కదిపితే లైటు వచ్చి పోతోందా? అలాగైతే వైరు లోపల తెగింది. అదే రకం అడాప్టరు కొనుక్కోండి, వోల్టు అంకె సరిపోవాలి. గుండ్రటి పిన్నున్న అడాప్టర్లలో ఎక్కువభాగం 19 లేక 19.5 వోల్టులవి. టైప్ సి పిన్నున్న కొత్త ల్యాప్‌టాప్‌లకు ఫోను చార్జరు కూడా దూరుతుంది. దూరినంత మాత్రాన సరిపోదు. ల్యాప్‌టాప్‌కు 45 వాట్లో 65 వాట్లో కావాలి, ఫోను చార్జర్లు చాలావరకు అంత మోయలేవు. ప్రయాణంలో చార్జరు మర్చిపోయి ఫోనుది పెట్టి, చచ్చిపోయిందని బెంగపెట్టుకున్నవాళ్లు నాకు ఫోను చేశారు.

ఇవన్నీ బాగున్నా ఉలుకూ పలుకూ లేకపోతే, ఇలా చేయండి. చార్జరు పీకేయండి. మౌసు, ప్రింటరు వైరు, పెన్‌డ్రైవు, అన్నీ పీకేయండి. బ్యాటరీ చేత్తో ఊడివచ్చే పాత మోడలైతే అదీ తీసేయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను అదిమిపట్టి నిదానంగా ముప్ఫై దాకా లెక్కపెట్టండి. వదిలేసి, చార్జరు ఒక్కటే పెట్టి, మామూలుగా ఆన్ చేయండి. ఇది మంత్రం కాదు, దీనికి కారణం ఉంది. మనం ల్యాప్‌టాప్ ఆపేసినా లోపల ఒక చిన్న కంట్రోలరు మేలుకునే ఉంటుంది. మూత తెరిచారా, బటన్ నొక్కారా, బ్యాటరీకి ఎంత ఎక్కించాలి అని కనిపెట్టుకుని ఉండేది అదే. కరెంటు పోయి వచ్చే వేళ, లో వోల్టేజీ ఉన్న చోట, అది ఒక్కోసారి బిగుసుకుపోతుంది. లోపల మిగిలిన కాస్త చార్జీ కూడా దిగిపోతే అది మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉండే ఊళ్లనుంచి వచ్చే ఫోన్లలో ఈ ఒక్క పనితో లేచిన యంత్రాలు చాలా ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టున్నా, మూత సరిగా మూసుకోకపోయినా, అడుగు బల్ల మీద ఆనకుండా ఊగుతున్నా, బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. ఇక ఏ ప్రయత్నమూ వద్దు. చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. దాన్ని మెకానిక్కే తీయాలి.

రెండో మెట్టు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగా ఉంది. యంత్రం పోయిందా, తెర ఒక్కటే పోయిందా? క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని చిన్న లైటు వెలిగి ఆరుతుంటే లోపల యంత్రం బతికే ఉంది, మీతో మాట్లాడుతోంది. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, వాటితోపాటు బి, ఈ నాలుగూ ఒకేసారి నొక్కండి. చిన్న బీప్ వస్తుంది, విండోస్ తన గ్రాఫిక్స్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. తెర వచ్చేయవచ్చు. రాకపోతే గదిలో లైట్లార్పి టార్చి తెర మీద ఏటవాలుగా వేయండి. మసగ్గా బొమ్మ కనబడితే తెర వెనకనుండే వెలుగు పోయింది, అంతే. మీ టీవీ ఉంది కదా, దాని హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించండి. టీవీలో బొమ్మ వస్తే మీ ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి. రిపేరుకు ఇచ్చేముందే కాపీ చేసుకోవచ్చు.

క్యాప్స్ లాక్ లైటు వెలగకపోతే, లేక మీరు నొక్కకుండానే అదే పనిగా ఆరి వెలుగుతుంటే, అది వేరే సంగతి. బయోస్ తనకు తానే పరీక్ష చేసుకుని, ఎక్కడో తప్పి, తెర మీద చెప్పడానికి వీల్లేక లైటుతో చెబుతోంది. కొన్ని యంత్రాలు బీప్ చప్పుడుతో చెబుతాయి. ఆ వెలుగుల్ని, ఆ చప్పుళ్లను లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. చాలా డెల్ మోడళ్లలో లైటు రెండుసార్లు పసుపు, మూడుసార్లు తెలుపు వెలిగితే ర్యామ్ కనబడటం లేదని అర్థం. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు చెబుతుంది. ఒక్కో కంపెనీ భాష ఒక్కోలా ఉంటుంది, మోడల్ పేరు కొట్టి వెతికితే అర్థం దొరుకుతుంది. "మూడు బీపులు వచ్చి ఆగుతోందండీ" అని షాపులో చెప్పే మనిషిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ర్యామ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మాది సముద్రం దగ్గరి ఊరు. ఉప్పుగాలి, తేమ. ర్యామ్ కార్డు అంచున బంగారు పూత ఉన్న కాళ్లు వరుసగా ఉంటాయి. వాటికీ సాకెట్టుకూ మధ్య మసక పొర పట్టినా, కార్డు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, బయోస్‌కు ర్యామ్ కనబడదు. ల్యాప్‌టాప్ అడుగు తీసి, ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, ర్యామ్ కార్డు తీసి, ఆ కాళ్లను పెన్సిలు చెరిపే రబ్బరుతో మెత్తగా తుడిచి, పొడి ఊదేసి, క్లిక్కుమనేదాకా మళ్లీ నొక్కితే చాలు. రెండు కార్డులుంటే ఒకసారి ఒకటి, ఒకసారి మరొకటి పెట్టి చూడాలి. చేతికి అలవాటున్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు, లేనివాళ్లు చేయించుకోండి. సన్నటి మోడళ్లలో కొన్నిటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటిలో తీసేది ఉండదు. కొత్త డీడీఆర్5 ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. బయోస్ ఆ ర్యామ్ లయ నేర్చుకుంటూ ఉంటుంది. కంగారుపడి ఆపేయకండి.

ఇప్పుడు కంపెనీ బొమ్మ వచ్చింది. దాని తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. "నో బూటబుల్ డివైస్." అంటే బయోస్ లేచింది, తలుపులు కొట్టింది, విండోస్ ఉన్న ఇల్లు దొరకలేదు. మొదట పెన్‌డ్రైవు, మెమరీ కార్డు ఏవైనా ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. బయోస్ వాటిలో విండోస్ వెతుకుతుండవచ్చు. తర్వాత బయోస్ లోపలికి వెళ్లి చూడాలి. డెల్‌లో, ఏసర్‌లో, అసూస్‌లో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. ఆన్ చేసిన క్షణంనుంచి ఆ కీ టకటకా కొడుతూ ఉండాలి. అక్కడ డిస్కు పేరు కనబడుతోందా? కనబడితే దోషం విండోస్‌లో. కనబడకపోతే దోషం డిస్కులోనో, అది కూర్చున్న చోటో. తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. దాంతో బయోస్‌లో పెట్టిన ఏర్పాట్లు చెరిగిపోయి ఉండవచ్చు, డిస్కును గుర్తుపట్టే పద్ధతి కూడా అందులో ఒకటి.

ఇక్కడ చెవి పెట్టండి. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్కు ఉంటుంది. లోపల అద్దంలాంటి పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, దానికి తాకీ తాకనంత ఎత్తులో, నానోమీటర్ల దూరంలో, చదివే తల తేలుతూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే సన్నటి జుమ్మన్న చప్పుడు. టిక్, టిక్, టిక్ అని ఒకే వరసన కొట్టుకుంటుంటే ఆ తల దారి తప్పింది. ఆ చప్పుడు వింటే వెంటనే ఆపేయండి. ఇంకొక్కసారి చూద్దామని ఆన్ చేసిన ప్రతిసారీ అది పళ్లెం మీద గీతలు పెట్టవచ్చు. ఫైళ్లు ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి. కొత్తవాటిలో హార్డ్ డిస్కు బదులు ఉండే ఎస్ఎస్‌డీకి తిరిగే భాగాలు లేవు, అది చప్పుడు లేకుండానే పోతుంది.

ఇక ఆఖరి మెట్టు. డిస్కు కనబడింది, విండోస్ దిగడం మొదలైంది, చుక్కలు తిరుగుతున్నాయి. తిరుగుతూనే ఉన్నాయి. అప్‌డేట్ పడుతున్నదైతే గంట అయినా ఓపిక పట్టండి. శాతం అంకె కదులుతున్నంతసేపూ బటన్ మీద చేయి వేయవద్దు. రాత్రంతా ఉంచినా కదలకపోతే అప్పుడు దారి ఉంది. బటన్ పదిసెకన్లు నొక్కి ఆపేయండి. ఆన్ చేసి, చుక్కలు రాగానే మళ్లీ అలాగే ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే, తాను సరిగా లేవలేకపోతున్నానని విండోస్ గ్రహించి రికవరీ తెర చూపిస్తుంది. ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ స్టార్టప్ రిపేర్ ఉంటుంది, మొదట అది. జబ్బు అప్‌డేట్ తర్వాత మొదలైతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. రెండూ పనిచేయకపోతే సేఫ్ మోడ్. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ కొట్టి, వరస కనబడగానే 4 నొక్కితే విండోస్ కనీసపు సామగ్రితో లేస్తుంది. సేఫ్ మోడ్‌లో బాగా లేచిందంటే యంత్రభాగాలు చాలావరకు బాగున్నాయి, మీరో మరొకరో వేసిన ఏదో సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతోంది. ఈమధ్య వేసినదాన్ని తీసేయండి.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుంచి, షట్‌డౌన్ కొడితే చాలా యంత్రాలు పూర్తిగా ఆగవు. త్వరగా లేవడం కోసం విండోస్ మూలభాగాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో దాచి, మర్నాడు అదే తెచ్చి పెడుతుంది. లోపల చిక్కుముడి పడితే ఆ ముడి కూడా మర్నాడు అలాగే వస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను కదా అనుకునేవాళ్లు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.

ఈ ఆఖరి మెట్టు మీద ప్రపంచమంతా ఒకేసారి ఆగిన రోజు ఒకటుంది. 2024 జూలై 19, శుక్రవారం. అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలులో తప్పు దొర్లింది. మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ ఫైలు బయలుదేరింది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోపే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలకు నీలం తెర వచ్చింది. లేచేది, పడేది, మళ్లీ లేచేది, పడేది. మన శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మందు ఏమిటంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేయడం, అంతే. ఇంతకుముందు మీకు చెప్పిన పనే. కానీ లేవని యంత్రానికి దూరంనుంచి ఏమీ పంపలేం, కాబట్టి చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటరు దగ్గరికి నడిచి వెళ్లి చేయాల్సి వచ్చింది. అక్కడా ఇంకో గండం. చాలా యంత్రాలు ఆ ఫైలు ముట్టుకోనిచ్చేముందు 48 అంకెల తాళంచెవి అడిగాయి. అది దగ్గర లేనివాళ్లు నిలబడిపోయారు. ఆ తాళంచెవి మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌కు కూడా ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాని సంగతి చెప్పేముందు నా స్నేహితుడి మాట చెప్పాలి.

ఆయన కోనసీమలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్లపాటు ఊరూరూ తిరిగి నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గర పాటలు రాసుకున్నారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, జోలపాటలు. ఒకే పాటను ఒక ఊళ్లో ఒకలా, కాలవ దాటితే మరోలా పాడతారట. అవన్నీ పక్కపక్కన పెట్టి ల్యాప్‌టాప్‌లో తనే టైపు చేసుకున్నారు. పాడినవాళ్ల గొంతులు కూడా అందులోనే దాచారు. ఒకరోజు యంత్రానికి నీలం తెర వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే ఒకసారి లేచేది, ఒకసారి కంపెనీ బొమ్మ దగ్గరే ఉండిపోయేది. దగ్గర్లోని ఒక షాపులో ఇచ్చారు. సాయంత్రానికి కొత్త విండోస్‌తో తిరిగి ఇచ్చారు. ఆయన ఇంటికి తెచ్చి తెరిచి చూస్తే పాటల్లేవు. ఫైళ్లు ఉన్నాయా, కాపీ తీయాలా అని షాపులో ఎవరూ అడగలేదు. చెప్పాలని ఈయనకూ తోచలేదు.

పదిరోజులకు నీలం తెర మళ్లీ వచ్చింది. అప్పుడు నాకు ఫోను చేశారు. నీలం తెర మీద ప్రతిసారీ ఒకే పేరు వస్తోందా, వేరు వేరు పేర్లు వస్తున్నాయా అని అడిగాను. వేరు వేరుగా వస్తున్నాయన్నారు. ఒకే సాఫ్ట్‌వేర్ పాడైతే మాటిమాటికీ ఒకే పేరు వచ్చే అవకాశం ఎక్కువ. పూటకో పేరు వస్తోందంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. తెప్పించి చూశాను. రెండు కార్డుల్లో ఒకదాని కాళ్లు నల్లబడి ఉన్నాయి. రబ్బరుతో తుడిచి పెట్టాను. ఆ తర్వాత మళ్లీ నీలం తెర రాలేదు. జబ్బు మొదటినుంచీ ర్యామ్‌దే. విండోస్‌కు ఏమీ కాలేదు, డిస్కుకు ఏమీ కాలేదు, పాటలకు ఏమీ కాలేదు. ఫార్మాట్ చేసిన చేయి తప్ప వాటికి హాని చేసింది ఏదీ లేదు.

తిరిగి తెద్దామని చాలా ప్రయత్నించాను. పాత హార్డ్ డిస్కయితే, ఫార్మాట్ చేశాక కూడా పైన కొత్తవి రాయనంతవరకు కొన్నయినా వెలికి తీయవచ్చు. ఆయనది ఎస్ఎస్‌డీ. ఫైలు చెరిపిన చోటు ఇక అక్కర్లేదని విండోస్ ఎస్ఎస్‌డీకి చెబుతుంది, దానికి ట్రిమ్ అని పేరు, ఎస్ఎస్‌డీ తన తీరికలో ఆ చోటును నిజంగానే తుడిచేస్తుంది. ఏమీ రాలేదు. కూతురికి వాట్సాప్‌లో అప్పుడప్పుడూ పంపిన కొన్ని పాటలు మిగిలాయి. మిగతావాటికోసం ఆయన మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. పాడినవాళ్లలో ఇద్దరు అప్పటికే పోయారు.

అందుకే నొక్కి చెబుతున్నాను. ఫైళ్లు బయటికి తీయకుండా ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి. విండోస్ లేవకపోయినా డిస్కు బాగుంటే ఫైళ్లు తీయడానికి దారులున్నాయి. రికవరీ తెరలో కమాండ్ ప్రాంప్ట్ ఉంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ అనండి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. మీ ఫోల్డర్లు కనబడతాయి. సి అనుకున్నది డి అయి ఉండవచ్చు, వెతుక్కోవాలి. కావలసిన ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, పెన్‌డ్రైవులో పేస్టు చేయండి. అంతసేపూ తెర కదలనట్టే ఉంటుంది, ఓపిక పట్టండి. రెండో దారి, ఉబుంటులాంటి లినక్స్‌ను వేరే కంప్యూటరులో పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి, దానితో ఈ ల్యాప్‌టాప్‌ను లేపడం. మూడోది, డిస్కు తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటరుకు తగిలించడం. ఈ మూడూ చేయగలిగినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట అయితే అడుగడుగునా ఉంటారు. షాపులో ఇచ్చేటప్పుడు బిల్లు మీదే రాయించండి: "డేటా ముఖ్యం, అడగకుండా ఫార్మాట్ చేయకూడదు." రీసెట్ దిస్ పీసీ అన్న ఆప్షనులో కీప్ మై ఫైల్స్, రిమూవ్ ఎవ్రీథింగ్ అని రెండుంటాయి. మొదటిది మీ ఫైళ్లు ఉంచి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లు తీసేస్తుంది. రెండోది అన్నీ తుడిచేస్తుంది. తెర ముందు తొందరలో ఉన్నప్పుడు ఈ రెండూ ఒకేలా కనబడతాయి. ఒకటికి రెండుసార్లు చదవండి.

ఇక ఆ 48 అంకెలు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో మొదటిసారి లోపలికి వెళ్లగానే, డిస్కు మొత్తానికీ తాళం పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా మీ ఫైళ్లు చదవలేడు, అది మంచిదే. కానీ బయోస్ అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా, పైన చెప్పిన దారుల్లో దేనిద్వారా వెళ్లినా ఆ తాళంచెవి అడుగుతుంది. బిట్‌లాకర్ రికవరీ కీ అంటారు. అది లేకపోతే ఆ డిస్కును మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది. మన ఇళ్లలో ఒక చిక్కుంది. డాలస్‌నుంచో సిడ్నీనుంచో సెలవులకు వచ్చిన అబ్బాయి అమ్మానాన్నలకు ల్యాప్‌టాప్ కొని, తన అకౌంటుతోనే అన్నీ పెట్టి వెళతాడు. తాళంచెవి కూడా ఆ అబ్బాయి అకౌంటులోనే ఉంటుంది. పిల్లలకు ఆ సంగతి తెలియదు, పెద్దవాళ్లకు అడగాలని తెలియదు.

ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్న ఈ రోజునే ఆ పని పెట్టుకోండి. ఫోను బ్రౌజరులో ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మైరికవరీకీ అని కొట్టి, మీ అకౌంటుతోనో మీ అబ్బాయి అకౌంటుతోనో లోపలికి వెళితే ఆ 48 అంకెలు కనబడతాయి. గ్యాసు కనెక్షన్ నంబరూ బ్యాంకు ఖాతా నంబరూ రాసుకునే పుస్తకంలో వాటినీ రాసి పెట్టుకోండి. రాసిన తర్వాత మరొకసారి సరిచూసుకోండి. ఆ పుస్తకం ల్యాప్‌టాప్ సంచిలో ఉంచవద్దు. మీరు టైపు చేసినవి, మీ వాళ్ల ఫొటోలు, మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేనివి ఏమున్నా, ఈ వారంలోనే ఒక కాపీ పెన్‌డ్రైవులోకి తీసి ఇంట్లో వేరేచోట పెట్టండి. ఇంకో కాపీ మీ అమ్మాయికో తమ్ముడికో పంపండి.